సేవ్ చేసినా పాత పాస్‌వర్డే ఎందుకొస్తోంది?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అబ్బాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో క్రోమ్ వాడుతున్నాను. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగినప్పుడల్లా సేవ్ నొక్కుతూనే ఉన్నాను. అయినా పెన్షన్ సైట్‌లో పాతదే వచ్చి కూర్చుంటోంది. మొన్న మూడుసార్లు తప్పని చెప్పి ఖాతా లాక్ అయిపోయింది. కరెంటు బిల్లు సైట్‌లోనేమో సేవ్ చేయాలా అని అడగడమే లేదు. బ్యాంకు సైట్‌లో ఇన్నాళ్లూ దానంతటదే వచ్చేది, ఇప్పుడు ఖాళీగా ఉంటోంది. మా ఆవిడ పుస్తకంలో రాసుకోండి, గొడవ వదిలిపోతుంది అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నే కళ్లముందు కనిపించారు. పోయినేడాది ఆయన ఖాతా కూడా ఇలాగే లాక్ అయింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “నేను సరిగ్గానే కొట్టానమ్మా” అని నాలుగైదుసార్లు అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆ నల్ల చుక్కల వెనక ఏముందో ఆయనకు కనపడదు కదా! పక్కనున్న కన్ను గుర్తు నొక్కి చూశాను. పాస్‌వర్డ్ చివర 2024 అని ఉంది. ఆయన దాన్ని మార్చి 2025 పెట్టుకుని అప్పటికే మూడు నెలలైంది.

జరిగేది ఏమిటంటే, కొన్ని సైట్లు కొన్నాళ్లకోసారి పాస్‌వర్డ్ మార్చమంటాయి. మార్చగానే బ్రౌజర్ పైన కుడివైపు మూలలో చిన్న పెట్టె తెరుచుకుని, అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది. మనం ఈలోపు ఇంకెక్కడో నొక్కామంటే అది మాయమవుతుంది. కొన్నిసార్లు ఆ పెట్టె రానే రాదు. ఇక బ్రౌజర్ దగ్గర ఉన్నది పాతదే, అదే నింపుతుంది. అది తప్పో ఒప్పో దానికి తెలియదు.

పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, పాస్‌వర్డ్స్ అండ్ ఆటోఫిల్‌లోకి వెళ్లి, గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరవండి. మీ విండోస్ పిన్ అడిగితే కొట్టండి. జాబితాలో పెన్షన్ సైట్ పేరు వెతకండి. ఒకే సైట్‌కి రెండు మూడు ఎంట్రీలు ఉన్నా ఆశ్చర్యపోకండి. మా నాన్న జాబితాలో మూడు ఉన్నాయి. ఒకటి యూజర్ ఐడీతో, ఒకటి మొబైల్ నంబరుతో. మూడోదాంట్లో యూజర్‌నేమ్ ఉండాల్సిన చోట ఆ రోజు కొట్టిన క్యాప్చా (బొమ్మలో చూసి కొట్టమనే వంకర) అక్షరాలు ఉన్నాయి! ఏ గడిలో ఉన్నది పేరో బ్రౌజర్ ఊహించుకోవాల్సిందే, ఆ ఊహ ఒక్కోసారి ఇలా తప్పుతుంది. పనికిరానివి డిలీట్ చేసి, సరైనదాంట్లో ఎడిట్ నొక్కి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పది నిమిషాల పని.

కరెంటు బిల్లు సైట్‌లో ఎప్పుడో పొరపాటున ‘నెవర్’ నొక్కి ఉంటారు. అదే మేనేజర్ సెట్టింగ్స్‌లో, అడుగున, మీరు వద్దన్న సైట్ల జాబితా ఉంటుంది. అందులోంచి దాన్ని తీసేస్తే మళ్లీ అడుగుతుంది.

బ్యాంకు సంగతి మాత్రం వేరు, దీన్ని కాస్త నిదానంగా చదవండి. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ తమ సైట్లను ‘.బ్యాంక్.ఇన్’ (.bank.in) అనే చిరునామాకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చేది రిజర్వు బ్యాంకు నెలకొల్పిన సంస్థ, మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీయే. బ్రౌజరేమో పాస్‌వర్డ్‌ని సైట్ చిరునామాతో ముడేసి దాస్తుంది. చిరునామా మారిందంటే దాని లెక్కలో అది ముక్కూమొహం తెలియని సైట్. అందుకే మీకు ఆ గడి ఖాళీగా కనిపిస్తూ ఉండొచ్చు.

నా మటుకు నాకు, బ్రౌజర్ చేసే పనులన్నింట్లో ఈ ఖాళీగా వదిలేయడమే గొప్ప పని. దొంగ సైట్లు ఒక్క అక్షరం తేడాతో పేరు పెట్టుకుంటాయి. రంగులూ లోగో అన్నీ అచ్చంగా బ్యాంకువే. మన కళ్లు మోసపోతాయి, బ్రౌజర్ మాత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. కాబట్టి గడి ఖాళీగా ఉందని విసుగొచ్చి జాబితాలోంచి పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించకండి. ముందు పైన చిరునామా చూడండి. మొదటి ఏటవాలు గీతకు (/) ముందు, పేరు ‘.బ్యాంక్.ఇన్’తో ముగియాలి. ముగిస్తే అప్పుడు చేత్తో కొట్టి, సేవ్ నొక్కి, జాబితాలో పాత చిరునామా తీసేయండి.

మీ ఆవిడగారు చెప్పింది నేను కొట్టిపారేయను. కనీసం జీమెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటైనా పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఎక్కడ పాస్‌వర్డ్ మర్చిపోయినా మార్చుకునే లింకు సాధారణంగా ఆ మెయిల్‌కే వస్తుంది. అదే పోతే మిగతావన్నీ చిక్కుల్లో పడతాయి. ఏటీఎం పిన్ మాత్రం ఎక్కడా రాయకండి. ఇంకొకటి, ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే ఎవరు కూర్చున్నా క్రోమ్ ఆ గడులు నింపేస్తుంది. లేచేటప్పుడు విండోస్ మీటతో పాటు ఎల్ నొక్కి లాక్ చేయండి. నెట్ సెంటర్‌లో అయితే సేవ్ అన్న మాటే వద్దు.

లాక్ అయిన పెన్షన్ ఖాతా కోసం కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకకండి, అక్కడ మోసగాళ్ల నంబర్లు కూడా ఉంటాయి. సైట్‌లోనే ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కండి, లేదా పెన్షన్ కాగితాల మీద ఉన్న నంబరుకే చేయండి. పొరపాటున ఎవరికైనా ఓటీపీ చెప్పి డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇవన్నీ చేశాక కూడా పాతదే వస్తుంటే, ఆ సైట్ పేరుతో జాబితాలో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి మాస్టారూ.