బల్లార్షాలో కూలరా, ఏసీయా?

ప్రశ్న: బల్లార్షాలో మేడ మీద వాటా మాది. స్లాబు పెనంలా కాలుతోంది. బరంపురంలో ఉండే మా అక్క ‘కూలర్ దండగ, ఏసీ కొను’ అంటోంది. నాకేమో కరెంటు బిల్లు టెన్షన్.
– ఒక గృహిణి

జవాబు: మీ అక్కగారి మాట బరంపురానికి నిజమే తల్లీ. సముద్రపు గాలిలో తేమ ముందే ఉంటుంది, అక్కడ కూలర్ వేస్తే ఒళ్లంతా జిడ్డే. మన చంద్రపూర్ జిల్లాది పొడి ఎండ. నీళ్లు ఇట్టే ఆవిరై గాలి చల్లబడుతుంది. పైగా 200 వాట్ల కూలర్ 5 గంటలు తిరిగితే ఒక యూనిట్. టన్నున్నర ఏసీ, కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకే అంతకు మించి లాగేస్తుంది.

అయితే చాలామంది కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులు బిగిస్తారు. అక్కడే వస్తుంది తంటా! దాని వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి కిటికీ జానెడు తెరిచి ఉంచాలి. లేదంటే గోడలు చెమ్మగిల్లి, పిల్లల పుస్తకాలు కూడా మెత్తబడతాయి. గడ్డి తడికలు ఏటా మార్చండి. తొట్టి వారానికోసారి కడగండి, లేదంటే అందులో దోమలు గుడ్లు పెడతాయి.

స్లాబుకు రెండు పూతలు సున్నం వేయించండి. ఫ్యాన్ మార్చేదుంటే బీఎల్‌డీసీది, అంటే తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారుది తీసుకోండి. పాతది 75 వాట్లు తింటే ఇది 30 చిల్లరతో సరిపెట్టుకుంటుంది. వానలు పడ్డాక మాత్రం కూలర్‌ను కట్టిపెట్టేయండి, ఫ్యానే నయం.