మొదటి డేట్‌కు పబ్బా, ఇరానీ హోటలా?

హైదరాబాద్‌లో మొదటిసారి కలుసుకునేవాళ్ళకు పబ్ నయమా, ఇరానీ హోటల్ నయమా అని అడిగారు. డేటింగ్ యాప్‌ల పుణ్యమా అని రెండూ చూసినవాణ్ణి గనుక, నా ఓటు ఇరానీ హోటల్‌కే. అయితే మెనూ కంటే ముందు మెట్రో మ్యాపు చూడండి. మీరు మియాపూర్‌లోనూ ఆవిడ నాగోలులోనూ ఉంటే, ఎర్ర లైనూ నీలం లైనూ కలిసే అమీర్‌పేటకు మించిన పెళ్ళిళ్ళ పేరయ్య ఈ ఊళ్ళో లేడు.

ఇక జూబ్లీహిల్స్ పబ్ సంగతి. శనివారం రాత్రి చాలాచోట్ల ఒంటరి మగవాణ్ణి లోపలికి రానివ్వరు. ఆవిడేమో కేబుల్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో చిక్కుకుని, 'అయిదు నిమిషాల్లో వచ్చేస్తున్నా' అని గంట నుంచి మెసేజ్‌లు పెడుతూ ఉంటారు. మీరు సెంటు కొట్టుకుని, ఇస్త్రీ చొక్కా తడిసిపోతుండగా, బౌన్సరుతో వాతావరణం గురించి మాట్లాడుతూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు. లోపలికి వెళ్ళాక డీజే దయ వల్ల మాట వినపడదు. "మీదే ఊరు?" అని నేను అరిస్తే, ఆవిడ బీరు కావాలనుకుని మెనూ కార్డు నా వైపు జరిపారు. మళ్ళీ అడిగితే "తణుకు" అన్నారట. నాకు 'తినకు' అని వినిపించి, మసాలా పల్లీల ప్లేటులోంచి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

అసలు పరీక్ష బిల్లు వచ్చినప్పుడు. తిండి మీద 5 శాతం జీఎస్టీ, మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు గనుక దాని మీద వ్యాట్, ఆ కింద నిశ్శబ్దంగా సర్వీస్ చార్జి. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది కూడా. కానీ హక్కు ఉండటం వేరు, పరిచయమై రెండు గంటలైనా కాని అమ్మాయి ఎదుట మేనేజరును పిలిచి ఆ హక్కును అమలుచేయించుకోవడం వేరు. నేను న్యాయశాస్త్రాన్ని పక్కనపెట్టి, నవ్వుతూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను.

ఇరానీ హోటల్లో ఈ బాధలేవీ ఉండవు. సికింద్రాబాద్‌లో పాలరాతి బల్ల ముందు కూర్చుంటే, అడగకుండానే ఉస్మానియా బిస్కెట్ల సాసరు వస్తుంది, తిన్నన్నింటికే డబ్బులు. మాట కలవకపోతే ఒక చాయ్‌తో మర్యాదగా లేచిపోవచ్చు, కలిస్తే ఇంకో చాయ్ చెప్పవచ్చు. ఉన్న ప్రమాదమల్లా చుట్టాలు. ఓసారి మా బాబాయి ఎక్కణ్ణుంచో ఊడిపడి, "ఏరా, ఎవర్రా ఈ అమ్మాయి?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆఫీసులో కొలీగ్ అని చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ, చాయ్ పూర్తయ్యేలోగా ఆ అమ్మాయి ఇంటిపేరు, తండ్రిగారి ఉద్యోగం రాబట్టి, బిల్లు కూడా తానే కట్టి వెళ్ళారు.

రాత్రి పొద్దుపోయేదాకా తిరగాలనుకుంటే మాత్రం, చివరి మెట్రో పదకొండు ప్రాంతంలో వెళ్ళిపోతుంది గనుక, తిరుగు ప్రయాణం సంగతి ఆవిడతో ముందే మాట్లాడుకోండి. ఆవిడే "ఆకలేస్తోంది" అంటే, తెల్లవారుజామున నాంపల్లి వైపు బండి మీద వెన్న దోశ దొరుకుతుంది. అక్కడ డీజే ఉండడు, సర్వీస్ చార్జీ ఉండదు; బాబాయిల విషయంలో హామీ ఇవ్వలేను.