పాయింట్ గార్డు విదేశీ లీగ్‌కి వెళ్లాలంటే… ముందు ఇంటర్ కాలేజీ చూసుకోండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డు (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు). జిల్లా జట్టుకు ఆడుతున్నాడు. ఇంటర్ అవ్వగానే విదేశాల్లో ప్రొఫెషనల్‌గా ఆడతానంటున్నాడు. జూన్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఈలోగా ఒకాయన యూరప్‌లో ట్రయౌట్ (క్లబ్బు ఎంపిక పరీక్ష) ఇప్పిస్తానని డబ్బు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందుగా, ఆయనకు రూపాయి కూడా కట్టకండి. 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్బుకు మారడానికి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలు ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఒప్పుకోవు. కాబట్టి ఈ వయసులో ట్రయౌట్‌కి వెళ్లొచ్చినా చేతికి కాంట్రాక్టు రావడం దాదాపు అసాధ్యం. నికరమైన ఏజెంటుకు ఫిబా లైసెన్సు ఉంటుంది, ఆ జాబితా ఫిబా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏజెంటు సంపాదన ఆటగాడికి కాంట్రాక్టు వచ్చాక వచ్చే కమీషనే. ముందే ఫీజు అడిగేవాడు ఆ ఫీజు కోసమే తిరుగుతున్నాడని అనుకోవాలి.

ఎత్తు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2015లో అమెరికా ఎన్‌బీఏ లీగ్ ఆటగాళ్ల ఎంపికలో డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ పిక్‌గా తీసుకున్న మన సత్నామ్ సింగ్ ఏడడుగుల పైమాటే. విదేశాల్లో ఆడిన మన అమృత్‌పాల్, అమ్‌జ్యోత్, ప్రిన్స్‌పాల్ కూడా ఆరున్నర అడుగులు దాటినవాళ్లే. పొడవుగా ఉన్న కుర్రాడికి ఆట తర్వాత నేర్పుకోవచ్చని క్లబ్బులు ఓపిక పడతాయి. గార్డు విషయంలో ఆ ఓపిక ఉండదు, అతను ఆట నేర్చుకునే రావాలి. అలాగని తలుపు మూసుకుపోలేదు. వారణాసి గార్డు విశేష్ భృగువంశీ 2017లో ఆస్ట్రేలియా క్లబ్బు అడిలైడ్ 36ఎర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. జపాన్‌కు చెందిన యూకీ కవామురా ఎత్తు 172 సెంటీమీటర్లు, అంటే మీ అబ్బాయి కంటే తక్కువ. సొంత దేశం లీగ్‌లో మేటి ఆటగాడిగా నిలిచి, 2024లో ఎన్‌బీఏ జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్ దాకా వెళ్లాడు.

ఇక అసలు విషయం. మీరు జూన్‌లో ఏ కాలేజీ ఎంచుకుంటారన్నదే ఇప్పుడు మీ అబ్బాయి బాస్కెట్‌బాల్‌కి సంబంధించిన అతి పెద్ద నిర్ణయం. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో రెండేళ్లు ఉంటే చేతిలో బంతి తిరగదు. పోస్టు ఆటగాడు (బుట్ట దగ్గర ఆడే పొడుగాటివాడు) రెండేళ్లు ఆగితే పొడుగు ఎక్కడికీ పోదు, గార్డు చేతి నైపుణ్యం మాత్రం ఆరు నెలల్లోనే మొద్దుబారుతుంది. డే స్కాలర్‌గా ఉంచండి. సాయంత్రం రెండు గంటలు కోర్టుకు వెళ్లనిస్తారా, అండర్-18 పోటీలప్పుడు హాజరు ఇస్తారా అని చేరకముందే ప్రిన్సిపాల్‌ని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

చదువు మానమనడం లేదు. విదేశీ లీగ్‌కి నమ్మకమైన దారి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీదుగా పోతుంది, అక్కడ గేటు దగ్గర అడిగేది మార్కులే. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) పై అంచె డివిజన్-1కి 9 నుంచి 12వ తరగతి వరకు 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (4కి లెక్కగట్టే సగటు గ్రేడు) కావాలి. ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ కలిపితే ఎంపీసీ విద్యార్థికి ఈ లెక్క సాధారణంగా సరిపోతుంది. చిక్కు వచ్చేది తొమ్మిదో తరగతి దగ్గర. పదో తరగతి మెమో వచ్చాక తొమ్మిదో తరగతి మార్కుల్ని ఎవరూ దాచరు. ఇప్పుడే స్కూలుకెళ్లి సంతకం, సీలుతో తీసుకోండి. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటూ ఏళ్లు గడపకండి. కాలేజీలో ఆలస్యంగా చేరితే ఆడగలిగే సీజన్లు తగ్గిపోతాయి.

ఇంకోటి, ఇంటిపేరు. మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అక్కణ్నుంచి ప్రతి రిజిస్ట్రేషన్‌లోనూ అదే తలనొప్పి. పాస్‌పోర్టు తీసే ముందే అన్నిచోట్లా పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు సరిచేయించండి.

ఆటలో ఏం చూస్తారంటే, గార్డు దగ్గర మొదట చూసేది పిక్ అండ్ రోల్. అంటే తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డు (స్క్రీన్) నిలబడి, గార్డు దాటగానే బుట్ట వైపు తిరిగి పరుగెత్తడం (రోల్). స్క్రీన్ దాటుతున్న ఆ ఒక్క క్షణంలో ఎదుటి పొడుగాటి ఆటగాడు వెనక్కి తగ్గితే అక్కడే ఆగి షాట్ కొట్టాలి. మీదికొస్తే రోల్ అయినవాడికి బంతి అందాలి. మూలనున్న డిఫెండర్ లోపలికి జరిగితే అటు మూలకు పాస్ పోవాలి. మన జిల్లా పోటీల్లో చాలామంది గార్డులు స్క్రీన్ దాటగానే తల వంచి కుడివైపే దూసుకుపోతారు. ఎడమచేత్తో పాస్ ఇవ్వలేకపోవడం పది నిమిషాల వీడియోలోనే బయటపడుతుంది. త్రీ పాయింట్ గీత 6.75 మీటర్లు. అక్కణ్నుంచి రోజుకు 200 షాట్లు కొట్టించి, ఎన్ని పడ్డాయో నోటుబుక్కులో రాయించండి. బయట సిమెంటు కోర్టుల మీద మోకాళ్లకు దెబ్బ, కాబట్టి వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

వీడియో తీసేటప్పుడు ఫోన్‌ను కోర్టు మధ్య గీతకు ఎదురుగా, ఎత్తైన చోట నిలబెట్టండి. జెర్సీ నంబరు కనబడాలి. మూడు నిమిషాల హైలైట్స్‌తో పాటు రెండు పూర్తి మ్యాచ్‌లు పంపాలి. పూర్తి మ్యాచ్ లేకపోతే తప్పులు దాస్తున్నారని కోచ్‌లు అనుకుంటారు. పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి డివిజన్-1 కోచ్‌లు జవాబివ్వొచ్చు. డివిజన్-2, ఎన్ఏఐఏ (చిన్న కాలేజీల క్రీడా సంఘం), రెండేళ్ల జూనియర్ కాలేజీలకూ రాయండి, మన పిల్లలకు తొలి అవకాశం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. పాక్షిక స్కాలర్‌షిప్ అయితే మిగతా ఖర్చుకు ఏడాది డబ్బు చూపిస్తేనే ఐ-20 (స్టూడెంట్ వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) ఇస్తారు. వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లాలి.

కాలేజీ తర్వాత క్లబ్బు కాంట్రాక్టు వస్తే నాలుగైదు సంగతులు చూడండి: జీతం పన్ను పోగానా, ఏ తేదీన ఇస్తారు, ఇల్లు, రానుపోను టికెట్, గాయమైతే వైద్యం ఎవరిది, తగాదా వస్తే బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కు (కాంట్రాక్టు తగాదాలు తీర్చే సంస్థ) వెళ్లే నిబంధన ఉందా. చాలా లీగ్‌ల్లో మన పాస్‌పోర్టుతో విదేశీ ఆటగాడి కోటాలోకే వస్తారు, అంటే పోటీ అమెరికన్ గార్డులతో. టూరిస్టు వీసా మీద వచ్చి ఆడమంటే ఒప్పుకోవద్దు.

రెండో ఏడాది ఇంటర్ దసరాకల్లా ఏ కోచ్ నుంచీ గట్టి మాట రాకపోతే చెన్నై చూడండి. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇండియన్ బ్యాంక్ లాంటి జట్లున్న ఊరు, కాలేజీల్లో స్పోర్ట్స్ కోటా ఉంటుంది, వైజాగ్ నుంచి ఒక రాత్రి ప్రయాణం. అక్కడ డిగ్రీ చేస్తూ సీనియర్ నేషనల్స్ దాకా ఎదిగితే, విదేశీ క్లబ్బు పిలిచినప్పుడు అవసరమయ్యే క్లియరెన్స్ లెటర్ మన ఫెడరేషన్ నుంచే వస్తుంది.