స్పెయిన్ యాత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. మార్చి సెలవుల్లో అయిదుగురు స్నేహితులు అమెరికా నుంచి బయల్దేరి తొమ్మిది రోజుల్లో బార్సిలోనా, వాలెన్సియా, మాడ్రిడ్, సెవిల్, గ్రనాడా చుట్టి రావడమూ, ఆ సందడిని తెలుగులోనే రాయాలని నీకు అనిపించడమూ రెండూ నాకు నచ్చాయి. నీ వాక్యంలో పరుగుంది. కానీ చివరిదాకా చదివినా నాకు స్పెయిన్ కనపడలేదు. ప్రతి ఊళ్లోనూ దిగారు, తిన్నారు, ఫొటోలు తీసుకున్నారు, "మాటల్లో చెప్పలేనంత" ఆనందించారు. మాటల్లో చెప్పడానికే కదా నువ్వు కూర్చున్నది!

ఒక్క సలహా చెప్తాను, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఏది జరిగినా అది ఎన్ని గంటలకు జరిగిందో రాయి. ఏ దేశం గురించి రాసినా పనికొచ్చే మాటే ఇది, స్పెయిన్ విషయంలో మాత్రం ఇది లేకపోతే పని జరగదు. అక్కడ వింతగా తోచిన చాలా సంగతుల వెనక గడియారం ఉంటుంది.

పటం తీసి చూడు. స్పెయిన్ దాదాపు ఇంగ్లండుకి సూటిగా కింద, గ్రీనిచ్ రేఖ మీద ఉంది. అయినా 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి జర్మనీ టైముతో కలిపింది. ఆ తర్వాత ఎవరూ వెనక్కి జరపలేదు. అందుకే మార్చి చివరి వారంలో మాడ్రిడ్‌లో రాత్రి ఏడున్నరకు గానీ పొద్దు గూకదు. నెలాఖరు ఆదివారం వేసవి టైము మొదలయ్యాక అది ఎనిమిదిన్నర అవుతుంది. "సాయంత్రం ఆకలితో తిరిగాం, ఎక్కడా భోజనం దొరకలేదు, చివరికి బర్గర్ తిన్నాం" అని రాశావు. అది ఫిర్యాదు. వంటశాలలు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే నడుస్తాయనీ, మీరు వెళ్లింది ఆరింటికనీ రాస్తే అది సమాచారం. పనిరోజుల్లో మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అడిగితే రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఒకటి, చివర్లో తీపి, అన్నీ కలిపి ఒకే ధరకు వస్తాయి. విద్యార్థులు కడుపునిండా తినాల్సింది ఆ పూటే, రాత్రికి చిన్న పళ్లేలు చాలు. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇంకో గడియారం కూడా ఉంది. అమెరికాలో వేసవి టైము మార్చి రెండో ఆదివారం మొదలవుతుంది, స్పెయిన్‌లో చివరి ఆదివారం. ఈ మధ్య రోజుల్లో న్యూయార్క్‌కీ మాడ్రిడ్‌కీ తేడా ఆరు గంటలు కాదు, అయిదే. మీ సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. ఇంటికి ఫోన్ చేసేవాళ్ల కోసం ఒక ముక్క చేర్చు: ఆ రోజుల్లో స్పెయిన్‌లో రాత్రి తొమ్మిదంటే ఇండియాలో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర.

ఇప్పుడు వాలెన్సియాకు వస్తాను. నీ వ్యాసానికి గుండెకాయ అదే. అయినా దానికి ఆరు వాక్యాలే కేటాయించావు. మార్చి 15 నుంచి 19 దాకా ఆ ఊళ్లో ఉండి 'ఫాయస్' పండగను ఆరు వాక్యాల్లో ముగించడం అన్యాయం. మిగతా నాలుగు ఊళ్లూ ఏడాదిలో ఎప్పుడు వెళ్లినా ఉంటాయి, ఇది ఆ రోజుల్లోనే ఉంటుంది. పేటపేటకీ ఒక సంఘం, ఆ సంఘం ఏడాది పొడవునా డబ్బు పోగుచేసి చేయించిన బొమ్మల మేడ. వాటిలో కొన్ని నాలుగైదు అంతస్తుల ఎత్తుంటాయి. రాజకీయ నాయకుల మీద, ఊరి సంగతుల మీద ఎత్తిపొడుపులు వాటిలో బొమ్మలై నిలబడతాయి. 19 రాత్రి, సెయింట్ జోసెఫ్ పండగనాడు, వాటన్నిటికీ నిప్పు పెడతారు. జనం ఓటేసి ఎంపిక చేసిన బొమ్మలను మాత్రం మంటకివ్వకుండా మ్యూజియంలో దాచుకుంటారు. 2016లో యునెస్కో ఈ పండగను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

"మన భోగిమంటల్లా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పోలిక తప్పు కాదు, కానీ అక్కడే ఆగిపోయావు. భోగినాడు మనం వేసేది పాతబడ్డ చెక్కాముక్కా. వాళ్లు కాల్చేది కొత్తగా, అప్పుడే రంగు ఆరిన ఏడాది శ్రమ. మంట చుట్టూ ఉన్నవాళ్లలో దాన్ని కట్టించినవాళ్లూ ఉంటారు, ఆ పేట అమ్మాయిలు పట్టు గౌనుల్లో నిలబడి ఏడుస్తారు. అగ్నిమాపక సిబ్బంది పక్క మేడల గోడలు తడుపుతూ ఉంటారు. ఆ తేడాను రెండు పేరాల్లో చెప్పగలిగితే నీ వ్యాసం నిలబడుతుంది.

అక్కడే 'మస్క్లెతా' ఉంది. మార్చి 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి టౌన్‌హాల్ చౌక్‌లో పేలుస్తారు. పట్టపగలు బాణసంచా ఏమిటని నువ్వు ఆశ్చర్యపోయావు. అది కళ్ల కోసం కాదు, చెవుల కోసం. నెమ్మదిగా మొదలై, లయ కట్టుకుని, చివరి నిమిషంలో నేల అదిరేలా ఎగసి, అయిదారు నిమిషాల్లో ఠక్కున ఆగిపోతుంది. ధ్వని కాళ్ల నుంచి ఎక్కి ఛాతీలో కొడుతుంది. నోరు కొద్దిగా తెరిచి ఉంచమని అక్కడివాళ్లు చెప్పేది చెవుల మీద ఒత్తిడి తగ్గడానికి. చౌక్‌లో నిలబడాలంటే ఒంటిగంట లోపే చేరాలి, ఆలస్యమైతే పక్క వీధుల్లో పొగ మాత్రమే దొరుకుతుంది. దీన్ని రంగుల మాటలతో రాయకు. శబ్దంతో రాయి, వాక్యాలు పొట్టిగా మొదలుపెట్టి పొడుగు చేసుకుంటూ పో.

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి గురించి "రంగురంగుల గాజు కిటికీలు" అన్నావు. ఏ రంగులు? తూర్పు వైపు గాజుల్లో నీలం, ఆకుపచ్చ ఎక్కువ, పడమటి వైపు ఎరుపు, నారింజ. పొద్దున తొమ్మిది పదికి లోపలికి వెళ్తే స్తంభాల మీద నీలం పాకుతుంది, సాయంత్రం నాలుగైదింటికి వెళ్తే అదే రాయి నిప్పులా కనిపిస్తుంది. టికెట్టు మీద గంట వేసే ఇస్తారు కాబట్టి నువ్వు చూసిన రంగేదో నువ్వు కొన్న స్లాటును బట్టే తేలిపోతుంది. పాఠకుడికి అది చెప్పు, వాడు తన గంట ఎంచుకుంటాడు. 1882లో మొదలైన కట్టడం, 1883లో వాస్తుశిల్పి గౌడీ చేతికి వచ్చింది, 1926లో ట్రామ్ గుద్ది ఆయన చనిపోయాడు. ఈ మూడు సంవత్సరాలు చాలు, విజ్ఞాన సర్వస్వం నుంచి ఎత్తి పెట్టిన పేరా తీసేయ్.

బార్సిలోనా గురించి ఇంకో మాట. అక్కడ మీరు దిగిన అపార్ట్‌మెంటు గురించి "చవగ్గా దొరికింది" అని రాశావు. ఆ ఊళ్లో ఇళ్ల అద్దెలు పెరిగి సొంత మనుషులే బయటికి పోవాల్సి వస్తోందని జనం వీధికెక్కారు. 2024 జులైలో పర్యాటకుల మీద నీళ్ల తుపాకులు చిమ్మిన సంగతి లోకమంతా చూసింది. పర్యాటకులకిచ్చే 10,101 అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ఇక కొనసాగించబోమని నగర మేయర్ 2024 జూన్‌లో ప్రకటించాడు. నువ్వు నేరస్థుడివని కాదు. కానీ ఆ గదిలో పడుకున్న రచయితకు ఆ ఇంటి కథ పట్టకపోతే ఎలా?

గ్రనాడాలో అల్హంబ్రా కోట దగ్గర మీలో ఇద్దరిని లోపలికి రానివ్వలేదని రాసి, గేటు మనిషి మీద కోపం వెళ్లగక్కావు. కారణం వెతికి రాసి ఉంటే వంద మంది తెలుగు విద్యార్థులకు మేలు జరిగేది. అక్కడ టికెట్టు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి అసలు ఉండదు. గ్రూపు మొత్తానికీ ఒక్కడే కూర్చుని వాట్సాప్ పేర్లతో టికెట్లు కొంటే ఇలాగే అవుతుంది. పాస్‌పోర్టు పేజీ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కొట్టాలి. ఇక కోట లోపలి నస్రిద్ రాజమందిరాలకు టికెట్టు మీద వేసిన గంటకే వెళ్లాలి. ముఖ్యద్వారం నుంచి అక్కడికి నడక పావుగంట పైమాటే. ఆ లెక్క తెలియక తోటల్లో ఫొటోలు తీసుకుంటూ మందిరాలను పోగొట్టుకునేవాళ్లు చాలామంది. టికెట్లు వారాల ముందే అయిపోతాయి, విమానం కన్నా ముందు ఇవి చూసుకోవాలి.

మాడ్రిడ్ భాగం పర్వాలేదు, చిన్న దిద్దుబాట్లు చాలు. ప్రాదో మ్యూజియంలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉచితమని అందరూ రాస్తారు, ఆ క్యూ ఎంత పొడుగో రాయరు. 18 నుంచి 25 ఏళ్ల విద్యార్థులకు గుర్తింపు కార్డు చూపిస్తే ఏ వేళైనా ఉచితమే, కాబట్టి పొద్దున్నే వెళ్లమను. పికాసో చిత్రం 'గెర్నికా' ఉన్న రెయినా సోఫియా మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. ఆ చిత్రం వెడల్పు 7.77 మీటర్లు, ఎత్తు 3.49. చిత్రానికి పేరిచ్చిన గెర్నికా ఊరి మీద బాంబులు పడింది 1937 ఏప్రిల్ 26, సోమవారం, సంత రోజు, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో. "గుండె బరువెక్కింది" అన్న నీ వాక్యం తీసి ఈ వాక్యం పెట్టు.

మెట్రో టికెట్ల గందరగోళాన్ని తమాషాగా రాశావు, కానీ విషయం దాటిపోయింది. బార్సిలోనాలో పది ప్రయాణాల 'టీ-కాజువల్' ఒక్క మనిషికే, చేతులు మార్చకూడదు. విమానాశ్రయం మెట్రోకు అది చెల్లదు, అదే విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే లోకల్ రైలుకు చెల్లుతుంది. మాడ్రిడ్‌లో ఇందుకు తలకిందులు: పది ప్రయాణాల కార్డు ఒక్కటి కొని అయిదుగురూ గేటు దగ్గర ఒకరి తర్వాత ఒకరు తాకించుకోవచ్చు, విమానాశ్రయానికి మాత్రం తలకి 3 యూరోలు అదనం. మొదటి ఊరి అలవాటుతో రెండో ఊళ్లో అయిదు కార్డులు కొన్నారు మీరు. ఈ కారణం రాస్తే తమాషా పోదు, పైగా ఉపయోగపడుతుంది.

మీలో ఒకరు శాకాహారి అన్నావు. ఆ అమ్మాయి పడ్డ పాట్లు నాకు కావాలి. అక్కడ మాంసం లేదంటే హామ్ (ఉప్పులో ఊరిన పందిమాంసం) లేదని అర్థం కాదు. సలాడ్ అడిగితే పైన ట్యూనా ఉంటుంది. సెవిల్, కోర్దోబా వైపు ఇచ్చే చల్లని టమాటా చారు 'సల్మొరెహో' మీద హామ్ ముక్కలు, గుడ్డు చల్లుతారు. 'నో కోమో కార్నె, ని హమోన్, ని పెస్కాదో' (మాంసం తినను, హామ్ తినను, చేప తినను) అని మూడూ విడివిడిగా చెప్పాలి. చెప్తే దొరికేవీ ఉన్నాయి: సెవిల్‌లో పాలకూర, శనగల కూర, గ్రనాడాలో చెరకు పాకం పోసిన వేయించిన వంకాయ ముక్కలు, ఎక్కడైనా టమాటా రుద్దిన రొట్టె. గుడ్డు తింటే బంగాళదుంప ఆమ్లెట్టు 'తోర్తియా'. గ్రనాడాలో పానీయం కొంటే చిన్న పళ్లెం ఉచితంగా వస్తుంది. అందులో ఏముందో వాళ్ల ఇష్టం, కాబట్టి ముందే చెప్పాలి.

సెవిల్‌లో మీరు ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం చూడలేదు. 2027లో ఈస్టర్ మార్చి 28, అంటే ఊరేగింపులు 21 నుంచే మొదలవుతాయి, చాలామంది సెలవులు అప్పటికి దగ్గరగా వస్తాయి. వీధులు గంటల కొద్దీ మూసుకుపోతాయనీ, బస రేట్లు పెరుగుతాయనీ హెచ్చరించు. సూదిమొన టోపీలు, ముఖం కప్పిన ముసుగులు చూసి అమెరికాలో చదివే పిల్లలు ఇలాంటి ముసుగులే వేసే క్లూ క్లక్స్ క్లాన్ జాత్యహంకారులను తలచుకుని ఉలిక్కిపడతారు. అవి శతాబ్దాల నాటి ప్రాయశ్చిత్త వేషమని ముందే ఒక వాక్యం ఉండాలి. కెథడ్రల్‌లో కొలంబస్ సమాధి దగ్గర ఫొటో దిగారు, పక్కనే ఉచితంగా చూడగలిగే ఇండీస్ దస్తావేజుల భవనాన్ని, అంటే స్పెయిన్ వలసల పాత కాగితాలుండే చోటును, వదిలేశారు. 1503 నుంచి స్పెయిన్‌కు అమెరికా ఖండాలతో సాగిన వర్తకం ఈ ఊరి అదుపులో నడిచింది. కొలంబస్ యాత్రలతోనే మిరప యూరప్‌కు తెలిసింది, ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన రేవులకు చేరింది. గుంటూరు మిరప తిని పెరిగినవాడు ఆ ఊళ్లో నిలబడి రాయాల్సిన పేరా ఇది. అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయరు.

వీసా గురించి అర పేజీ తప్పదు. షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఎక్కువ రోజులు ఉండే దేశం దగ్గరే దరఖాస్తు చేయాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం పదిహేను రోజుల ముందు దాకా. మార్చిలో వెళ్లేవాడు జనవరికి మేలుకుంటే స్లాటు దొరక్కపోవచ్చు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. అంతకన్నా ముఖ్యం తిరిగి రావడం: పాస్‌పోర్టులో ఎఫ్-1, అంటే అమెరికా విద్యార్థి వీసా, స్టాంపు గడువు తీరిపోయి ఉంటే యూరప్ నుంచి అమెరికాలోకి రానివ్వరు. కెనడా, మెక్సికోలకు ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఏడాదిలోపుదై ఉండాలి.

ఇక నీ స్నేహితులు. వ్యాసమంతా "మేమందరం". ఆ ముద్దలో ఒక్క ముఖమూ కనపడదు. ఎవరు ఆలస్యంగా లేచేవారు, ఎవరి చేతిలో లెక్కల పుస్తకం ఉంది, ఎవరు దారి అడిగేవారు, ఈ మూడు చాలు మనుషులు లేచి నిలబడటానికి. పేర్లు మార్చు, మార్చినా సరే ప్రచురించే ముందు వాళ్లకు చూపించు. డబ్బు దగ్గర వచ్చిన గొడవ ఉంచాలా వద్దా అన్నది వాళ్ల మాట మీద వదిలేయ్.

జ్ఞాపకం మీద ఆధారపడకు. ఫోన్‌లో ప్రతి ఫొటోకీ టైము ఉంది, చిల్లర రసీదులకూ ఉంది. వాటిని వరసగా పెట్టుకుంటే రోజు తిరిగి దొరుకుతుంది. ధరలు, తెరిచే వేళలు ప్రచురించే రోజున ఆయా సంస్థల అధికారిక పేజీలో మరోసారి సరిచూసుకో, పక్కన నెలా సంవత్సరమూ వేయి.

మొత్తం ఒకేసారి దిద్దబోకు. ముందు వాలెన్సియా ఒక్కటే రాయి, 19 మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర మొదలుపెట్టి మంట ఆరేదాకా. పన్నెండు వందల మాటలు దాటనివ్వకు, "అద్భుతం" అన్న మాట ఎక్కడా వాడకు. ఈ నెలాఖరులోపు పంపితే చదివి వెంటనే జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య