చిన్నీ, ఆ లఖీ నాణెం కొనేముందు

చిన్నీ,

నువ్వు 18 వేలు పెట్టి ఐదు రూపాయల లఖీ నాణెం, అదే టంకశాలలో తప్పు జరిగి ఒకవైపు బొమ్మ తిరగబడి లోపలికి నొక్కుకుపోయినది, కొంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడానికి కాదులే, తిట్టడానికి. చిన్నప్పుడు నా ఆల్బమ్‌లు చూపించి నేనే నిన్ను చెడగొట్టానట. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టినందుకు లోపల సంతోషంగానే ఉంది, కానీ ఆ రేటు విన్న దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్. అడ్వాన్స్ పంపేశావా? పంపకపోతే ఇది మొత్తం చదివేదాకా పంపకు.

మామూలు పరీక్షలు నీకు తెలిసినవే. పాత రాగి-నికెల్ ఐదు రూపాయల నాణెం 9 గ్రాములు, 23 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అతుక్కోదు, 2007 నుంచి వచ్చిన స్టీలుది అతుక్కుంటుంది. పదింతల భూతద్దం చాలు. "టంకశాల గుర్తు పడని ఎర్రర్" అని ఎవడైనా అమ్మజూపితే నవ్వేసి వచ్చెయ్. కోల్‌కతా నాణేలకు అసలు గుర్తే ఉండదు. నక్షత్రం మన హైదరాబాద్‌ది, చుక్క నోయిడాది, డైమండ్ ముంబైది.

ఇవన్నీ పాసయినా ఏమీ తేలినట్టు కాదమ్మా. నాణెం ప్రభుత్వం కొట్టినదే అయినప్పుడు తూకంలో తేడా ఎందుకొస్తుంది? తేలాల్సింది ఒక్కటే, ఆ తప్పు టంకశాలలో నాణేలు కొట్టే ప్రెస్ కింద పడిందా, ఆ తర్వాత ఎవడి షెడ్డులోనో పడిందా అని.

మీ తాతయ్య సంగతి నీకు మీ అమ్మ చెప్పి ఉండదు. రిటైరైన కొత్తలో కోఠీలో ఒకతను ఆయనకి ఇలాంటిదే చూపించాడు. ఒకవైపు మూడు సింహాలు మామూలుగా ఉబ్బెత్తుగా, తిప్పితే అవే సింహాలు లోపలికి నొక్కుకుపోయి, భారత్ అన్న అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి. బ్యాంకు సంచీ విప్పగానే దొరికిందని చెప్పాడట. ఆయన లెక్కల మాస్టారు కదా, ఊరికే నమ్మేయలేదు, తీసుకెళ్ళి తెలిసిన బంగారం షాపులో తూయించాడు, సరిగ్గా 9 గ్రాములు. అయస్కాంతం పెట్టాడు, అతుక్కోలేదు. ఇంకేం, అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి దాచిన దాంట్లోంచి 6 వేలు తీసి ఇచ్చేశాడు. నేనప్పుడు బాలానగర్‌లో ప్రెస్ షాపులో డై ఫిట్టర్‌ని, అంటే లోహాన్ని నొక్కే అచ్చులు బిగించేవాణ్ణి. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని రమ్మని మరీ చూపించాడు. అందరూ ఆ నొక్కుకుపోయిన వైపే చూస్తారు, విచిత్రం అక్కడే ఉంది గనక. నేను రెండోవైపు చూశాను. సింహాల ముఖాలు, జూలు చదునుగా అణిగిపోయి ఉన్నాయి, వాడి అరిగినట్టు కాదు, ఏదో మెత్తటి దాని మీద పెట్టి నొక్కినట్టు. మళ్ళీ తిప్పి ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే, నొక్కుకుపోయిన సింహాల అడుగున 5 అంకె వంపు లీలగా కనపడుతోంది. రెండు నాణేలని బెంచి వైస్‌లో, అంటే మర తిప్పి బిగించే ఇనుప దవడల మధ్య, బిగించి చేసిన పని అది. లోహం ఏమీ తీయలేదు కాబట్టి తూకం పోలేదు.

ఆ మాట చెప్పినందుకు దసరా దాకా నాతో మాట్లాడలేదాయన. "తొమ్మిది గ్రాములుంది, వాడికేం తెలుసు" అని అమ్మమ్మతో అనేవాడట. అమ్మమ్మ ఒక్క మాట అనలేదు, ఆపరేషన్ మాత్రం మరుసటి ఏడాదికి పోయింది. నువ్వూ అచ్చం ఆయన పోలికే, ఒకటి మనసుకి నచ్చిందంటే ఎదుటివాళ్ళ మాట చెవిన పడదు. నా భయమంతా అక్కడే, నీకు తెలివి లేదని కాదు.

అసలు లఖీ ఎలా పుడుతుందో ఒకసారి ఊహించుకో. ప్రెస్‌లో పైన ఒక డై, కింద ఒక డై, మధ్యలో ఇంకా బొమ్మ పడని లోహపు బిళ్ళ, దాని చుట్టూ కాలర్ అనే కట్టు. కొట్టిన నాణెం బయటికి పోకుండా ఒక డైకి అతుక్కుపోతుంది, ఈలోపు కొత్త బిళ్ళ వచ్చేస్తుంది. దానికి ఒకవైపు మామూలు డై తగులుతుంది, రెండోవైపు ఆ ఇరుక్కున్న నాణెం ముఖం తగులుతుంది. మొదటి దెబ్బకి ఆ తిరగబడిన బొమ్మ చాలా స్ఫుటంగా పడుతుంది. ఇరుక్కున్నది అలాగే ఉండి ఇంకొన్ని దెబ్బలు తింటే అది పక్కలకి సాగుతుంది, తర్వాతి వాటి మీద బొమ్మ పెద్దదై మసకబారుతుంది. ఏది జరిగినా మామూలు వైపు మాత్రం నిండుగా ఉండాలి, లోపలికి పోయిన వైపు 5 జాడ కూడా ఉండకూడదు, ఎందుకంటే ఆ బిళ్ళ మీద 5 ఎప్పుడూ పడలేదు. కొందరు తెలివిమీరి ఆ 5ని ముందే అరగదీసి నొక్కుతారు, అప్పుడు మాత్రం నీ తక్కెడ పట్టిస్తుంది.

అంచు కట్ అయిన నాణేలు కూడా చూస్తున్నావట. పూరీలు గ్లాసుతో కోసేటప్పుడు ముందు కోసిన కంత మీదకి గ్లాసు కాస్త జరిగితే చంద్రవంకలా తెగి వస్తుందే, అదీ అలాగే. కట్ ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా అంచు గట్టు బలహీనంగా ఉందా చూడు. బిళ్ళకి గట్టు కట్టే మిషన్లో ఇటు లోహం లేకపోతే అటు ఒత్తిడి పడదు. ఆకురాయితో కోసినవాడు ఇక్కడ కోస్తాడు గానీ అక్కడ గట్టు తగ్గించాలని వాడికి తట్టదు. ఈ ఒక్కటే చూసి తీర్పు ఇచ్చేయకు, కొన్ని అసలువాటిలో కూడా అది స్పష్టంగా ఉండదు. రెండువైపులా సింహాలున్న నాణెమైతే గట్టు లోపలి అంచు వెంబడి సన్నటి గీత వెతుకు, ఒకదాన్ని లేత్ మీద తొలిచి ఇంకోదాన్ని అందులో కూర్చోబెడతారు. మధ్య బిళ్ళ తిరగబడిన పది రూపాయలవైతే అసలు ముట్టుకోకు, మధ్యది కొట్టి ఊడదీసి మళ్ళీ బిగించినవి బజారు నిండా ఉన్నాయి.

అమ్మేవాడు రిజర్వ్ బ్యాంకు పేరెత్తి కమిషనో ట్యాక్సో అడిగితే అక్కడితో ఆపెయ్. అలాంటి వాటితో తమకు సంబంధం లేదని వాళ్ళు 2021 ఆగస్టులోనే జనాన్ని హెచ్చరించారు.

నీ అమ్మకందారుడిని మూడు ఫోటోలు అడుగు: మామూలు వైపు, అంచు, ఏటవాలు వెలుతురులో లోపలికి పోయిన వైపు. అతను మళ్ళీ మళ్ళీ ఆ తిరగబడిన బొమ్మనే పంపిస్తుంటే డబ్బు వెయ్యకు. "ఇంకొకరు అడుగుతున్నారు, సాయంత్రంలోగా చెప్పు" అంటే ఆ ఇంకొకరికే ఇచ్చెయ్యమను. ఫోటోలు బాగుంటే మాత్రం నేనే మీ అమ్మకి నచ్చజెబుతా, తక్కువైతే కాస్త సర్దుతా కూడా, ఆ సంగతి అత్తయ్యకి చెప్పకు.

తాతయ్య నాణెం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆదివారం భూతద్దం తీసుకుని రా, అది చూశాకే నీది కొందువుగాని.

మామయ్య