జీతం స్లిప్పు చూపించి అప్పు తెచ్చి, ఆ జీతాన్నే వదిలేస్తారా?

ప్రశ్న: నా వయసు 32. వరంగల్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి రూ.31,000 వస్తుంది. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప. అద్దెతో కలిపి నెలకు రూ.24,000 ఖర్చు. సిప్‌లో రూ.3,000, లక్ష రూపాయల చిట్టీకి రూ.4,000 కడుతున్నాను. చిట్టీ ఇంకా పది నెలలు ఉంది, పాడలేదు. ఎఫ్‌డీ రూ.60,000 ఉంది. మూడు నెలలుగా జీఎస్టీ, ఆదాయపు పన్ను గురించి తెలుగులో బ్లాగు రాస్తున్నాను. బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో ఇప్పటికి 4 డాలర్లు చూపిస్తోంది. ఈమధ్య ఓ ఉచిత వెబినార్ చూశాను. వాళ్ల ఇంటర్నెట్ మార్కెటింగ్ కోర్సులో చేరితే ఆరు నెలల్లో నెలకు రూ.50,000 వస్తుందన్నారు. ఫీజు రూ.1,20,000. సీటు పోతుందంటే క్రెడిట్ కార్డుతో రూ.5,000 కట్టేశాను. రూ.3 లక్షల పర్సనల్ లోన్ (15 శాతం వడ్డీ, మూడేళ్లు) తీసుకుని, కోర్సుకు, ల్యాప్‌టాప్‌కు, ప్రకటనలకు కలిపి రూ.2 లక్షలు వాడి, మిగతా లక్ష ఇంటి ఖర్చులకు ఉంచుకుని ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. లేదంటే మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టడం మంచిదా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: బంగారం మాట ముందే తేల్చేద్దాం. వద్దు. లోనూ వద్దు. ఉద్యోగం మానడం ఇప్పుడే వద్దు. బ్లాగు మాత్రం రాయండి, అందులో తప్పేమీ లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకప్పుడు షేర్ ట్రేడింగ్ కోర్సు కోసం అప్పు చేయాలా అని అడిగేవారు, ఇప్పుడు బ్లాగు కోసం అడుగుతున్నారు. కోర్సు పేరు మారినా తప్పు మాత్రం అదే. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని, ఫలానా తారీఖుకు కట్టి తీరాల్సిన అప్పు నెత్తికెత్తుకోవడం. పంట అప్పు కూడా కోతలయ్యాకే కడతారు. ఈఎంఐ మాత్రం విత్తు మొలకెత్తకముందే మొదలవుతుంది.

మీరు అకౌంట్స్ మనిషి. కంపెనీ లెక్కలు చూసినట్టే మీ ఇంటి లెక్కా ఒకసారి చూడండి. రూ.3 లక్షలకు 15 శాతం చొప్పున ఈఎంఐ సుమారు రూ.10,400. ఇంటి ఖర్చు 24,000 కలిపితే నెలకు రూ.34,400 కావాలి. చేతిలో ఉండేది లోన్‌లో మిగిలే లక్ష, ఎఫ్‌డీ అరవై వేలు, మొత్తం రూ.1,60,000. సిప్, చిట్టీ రెండూ ఆపేశారనే అనుకుందాం. అయినా అయిదో నెల ఇరవయ్యో తారీఖుకు డబ్బా ఖాళీ. ప్రాసెసింగ్ ఫీజు కోత ఇందులో కలపలేదు, పాపకు జ్వరమొస్తే అయ్యే ఖర్చూ కలపలేదు. వెబినార్‌లో చెప్పిన ఆరు నెలలు నిజమే అనుకున్నా, మీ డబ్బు అక్కడిదాకా రాదు! ఆపైన క్రెడిట్ కార్డు గీకుతారు. అక్కడ వడ్డీ నెలకు మూడు శాతానికి పైమాటే.

ఇంకో సంగతి. బ్యాంకు మీకు ఆ లోన్ ఇచ్చేది మీ జీతం చూసి, మీ బ్లాగు చూసి కాదు. ఆ స్లిప్పు చూపించి డబ్బు తెచ్చి, మర్నెల రాజీనామా ఇస్తే అప్పు మిగులుతుంది, దాన్ని తీర్చే ఆధారం పోతుంది.

ఇక బ్లాగు సంపాదన. యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలకూ ప్రకటనలు ఇస్తోంది, కాబట్టి దారి ఉంది. కానీ ఖాతాలో 10 డాలర్లు చేరితే గానీ చిరునామా సరిచూసేందుకు పిన్ నంబరున్న ఉత్తరం పంపరు. 100 డాలర్లు దాటితే గానీ చెల్లింపు రాదు, అదీ మరుసటి నెల 21 తర్వాత. మూడు నెలలకు 4 డాలర్ల లెక్కన మీకు తొలి చెల్లింపు అందాలంటే ఆరేళ్లు పైనే. వేగం పెరుగుతుందంటారు, పెరుగుతుంది, ఒప్పుకుంటాను. అయితే తెలుగు పేజీ మీద ప్రకటనకు వచ్చే ధర ఇంగ్లీషు పేజీకి వచ్చినంత ఉండదు. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ వెతుకులాటలో చాలా ప్రశ్నలకు పైనే ఏఐ జవాబు కనిపిస్తోంది. ‘జీఎస్టీ రిటర్న్ గడువు ఎప్పుడు’ అని అడిగినవాడికి జవాబు అక్కడే దొరికితే మీ పేజీ దాకా ఎందుకొస్తాడు? వాడిపారేసే సమాచారం కాకుండా, హన్మకొండ కిరాణా షాపు యజమానికి నిజంగా ఎదురయ్యే చిక్కు మీద రాస్తే నిలబడొచ్చు. కాకపోతే దానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ రెండేళ్లూ మీ ఇల్లు దేనిమీద నడుస్తుందన్నదే నా ప్రశ్న.

అందుకే ఎవరేం అడిగినా నేను చెప్పేది అత్యవసర నిధి గురించే. జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలంటారు. జీతం వదిలి, నిలకడ లేని సంపాదనలోకి దిగేవాడికి కనీసం తొమ్మిది నెలలది ఉండాలి. మీకైతే రూ.2,16,000. మీ దగ్గర 60,000 ఉంది. సిప్‌ను కొన్నాళ్లు ఆపి ఆ మూడు వేలు ఇటు మళ్లించండి (నేను సిప్ ఆపమనడం అరుదు, ఇది ఆ అరుదైన సందర్భం). పది నెలల్లో 30,000 అవుతుంది. చిట్టీ మాత్రం ఆపొద్దు, మధ్యలో పాడొద్దు, ఎవరు తొందరపెట్టినా చివరిదాకా ఉంచండి. కమిషన్ పోను రూ.95,000 చేతికొస్తుందనుకుందాం. అప్పటికి 1,85,000. చిట్టీ అయిపోయాక నెలకు ఏడు వేలూ ఇందులోనే వేస్తే పదిహేనో నెలకు రూ.2,20,000. అప్పు లేకుండా, బంగారం బీరువాలో ఉండగానే. ఈ డబ్బు సేవింగ్స్ ఖాతాలో కొంత, ఎఫ్‌డీలో కొంత ఉంచండి. కోర్సుకూ, ల్యాప్‌టాప్‌కూ, ప్రకటనలకూ దీన్ని ముట్టుకోకూడదు.

ఆ పదిహేను నెలలు రోజుకో గంట, ఆదివారం నాలుగు గంటలు రాయండి. బ్లాగుకు భవిష్యత్తు ఉందో లేదో ఆలోగా బ్లాగే చెబుతుంది. ఉద్యోగం చేస్తూ పక్క ఆదాయం తెచ్చుకోవడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో నియామక పత్రం తీసి చూసుకోండి.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాట ఎక్కడా లేదు. బహుశా కంపెనీ ఇచ్చినదే ఉండి ఉంటుంది. చివరి పనిదినంతో అదీ పోతుంది. ఉద్యోగంలో ఉండగానే భార్యాభర్తలు, పాప కలిపి సొంత ఫ్లోటర్ పాలసీ (ఒకే బీమా మొత్తాన్ని ఇంటిల్లిపాదీ వాడుకునేది), అమ్మగారికి విడిగా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి బీపీ, షుగర్ ఉంటే దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కూడా ఉంటుంది, 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలు చేశారు. మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే టర్మ్ పాలసీ కూడా ఒకటి ఉండాలి.

కోర్సు విషయానికొస్తే, లక్షా ఇరవై వేలు పెట్టి నేర్చుకోవాల్సిన రహస్యం అందులో ఏమీ లేదు. గూగుల్ ప్రకటనలు నడపడం గూగుల్ వాళ్ల స్కిల్‌షాప్ సైటులోనే ఉచితంగా నేర్పుతారు, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ కూడా ఇస్తారు. బ్లాగర్ వేదిక ఉచితం. వెబినార్‌లో స్క్రీన్‌షాట్లు చూపించిన ఆయన్ను ఒక్క మాట అడగండి: ఆ డబ్బు బ్లాగుల మీద వచ్చిందా, నాలాంటివాళ్లు కట్టిన ఫీజుల మీద వచ్చిందా? ఫీజుకు ‘నో కాస్ట్ ఈఎంఐ’ పెట్టిస్తామంటే అది మీ పేరున ఓ ఫైనాన్స్ సంస్థ ఇచ్చే అప్పేనని గుర్తుంచుకోండి. రేపు కోర్సువాళ్లు దుకాణం కట్టేసినా ఈఎంఐ ఆగదు, సిబిల్ స్కోరు మీదే పోతుంది. ప్రకటనలకు అనుకున్న డబ్బు అంతకన్నా వృథా. అమ్మడానికి మీ దగ్గర ఏ వస్తువూ సేవా లేనప్పుడు డబ్బిచ్చి జనాన్ని బ్లాగుకు రప్పించి ఏం చేస్తారు? రూపాయి పెట్టి పైసలు ఏరుకోవడమే.

పక్క ఆదాయం తొందరగా కావాలంటే మీ ఊళ్లో నాలుగు షాపులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టండి. బ్లాగు కన్నా ముందు అదే డబ్బు తెస్తుంది, బ్లాగులో రాయడానికి సరుకూ ఇస్తుంది. అఫిలియేట్ లింకులు (వాటిమీద నొక్కి ఎవరైనా వస్తువు కొంటే మీకు కమిషన్ వచ్చేవి) కూడా పెట్టుకోవచ్చు. అయితే అమెజాన్‌లో చేరాక 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా కాకపోతే ఖాతా తీసేస్తారు. ల్యాప్‌టాప్ బోనస్ వచ్చినప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఫోన్, పాత కంప్యూటర్ చాలు.

ముందు ఆ అయిదు వేల పని చూడండి. కోర్సు వద్దని, డబ్బు వెనక్కి కావాలని ఈరోజే ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. రసీదు, వెబినార్‌లో ఇచ్చిన హామీల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వారంలో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కార్డు బిల్లు మాత్రం గడువులోగా పూర్తిగా కట్టేయండి, మినిమమ్ డ్యూ కట్టి వదిలేయకండి. డబ్బు వెనక్కి వచ్చిందో లేదో నాకు రాయండి.