సోమవారం రాత్రుల జ్వరానికి పాలు మందు కాదు

ప్రశ్న: వయసు 34. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని. జీఐ రేకుకు సీఓటూ వెల్డింగ్ చేసిన రాత్రి చలి, వణుకు, జ్వరం, నోట్లో లోహపు రుచి. ఆదివారం సెలవయ్యాక సోమవారం మరీ ఎక్కువ. మెడికల్ షాపులో యాంటీబయాటిక్, ఒక చిన్న తెల్ల బిళ్ల ఇస్తే రెండు నెలలుగా వాడుతున్నాను. హార్డెనర్ కలిపిన ప్రైమర్ కొట్టిన రాత్రి దగ్గు. పాలు, బెల్లంతో విషం విరుగుతుందా?

జవాబు: పాలు తాగండి, కాదనను. కానీ పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది పొట్టలోకి.

చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీ జ్వరం ‘మెటల్ ఫ్యూమ్ ఫీవర్’లా, అంటే లోహపు పొగ పీల్చితే వచ్చే జ్వరంలా ఉంది. జీఐ రేకు మీది పూత జింకు. అది 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 కావాలి. కాబట్టి రేకు అతుక్కునేలోపే పూత తెల్లపొగై లేస్తుంది. పీల్చిన 4-10 గంటలకు జ్వరం, ఒకటి రెండు రోజుల్లో మాయం. రోజూ పీలిస్తే ఒంటికి కొంత అలవాటవుతుంది, సెలవు రోజున ఆ అలవాటు పోతుంది. సోమవారం లెక్క అదే.

ఇందులో క్రిమి లేదు, యాంటీబయాటిక్‌కు పనేముంది? ఆ తెల్ల బిళ్ల స్టెరాయిడ్ అయితే మరీ ప్రమాదం. జ్వరాన్నీ దగ్గునూ కప్పేస్తుంది, షుగర్ పెంచుతుంది. రెండు నెలలు వాడాక టక్కున ఆపడమూ మంచిది కాదు. షాపువాడు చీటీ లేకుండా ఇచ్చాడు సరే, మీరు పేరైనా చదవొద్దా?

మీరు అడగలేదు గానీ, నాకు భయం ఆ దగ్గు మీదే. హార్డెనర్‌లో సాధారణంగా ఐసోసైనేట్లు అనే, ఆస్తమా తెప్పించే రసాయనాలు ఉంటాయి. ఒకసారి వాటివల్ల ఆస్తమా పట్టుకుంటే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఆయాసం వస్తుంది. పల్మనాలజిస్టును కలవండి. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల శక్తి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేస్తారు. ఊపిరి వేగం కొలిచే చిన్న పరికరం పీక్ ఫ్లో మీటర్‌తో పని రోజుల్లో, సెలవుల్లో రోజుకు నాలుగుసార్లు ఊది రాయమనవచ్చు. అప్పటిదాకా ఆ ప్రైమర్ కొట్టకండి. ఎన్95 మాస్కు ఆ ఆవిరిని ఆపదు. స్ప్రే చేసేవారికి బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి.

వెల్డింగ్‌కు ముందు అతుకుకు అటూ ఇటూ అంగుళం నుంచి రెండంగుళాలు, వెనకవైపు కూడా, పూత గ్రైండ్ చేయండి. ఆ దుమ్ముకూ మాస్కు ఉండాలి. వెల్డింగ్‌కు ముందు అతుకులో పూసే వెల్డ్-త్రూ ప్రైమర్‌లోనూ ఉండేది జింకే. పలుచగా వేసి, సీఓటూ వెల్డు పడేచోట గీకేయండి. ఫ్యాను పొగను పక్కకు లాగాలి. నేరుగా నాజిల్ మీద కొడితే వెల్డును కాపాడే సీఓటూ గ్యాసు చెదిరి అందులో బెజ్జాలు పడతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డ్ చేయకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

జ్వరం 48 గంటలు దాటినా, ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా ఆసుపత్రికి వెళ్లండి. ఫాస్జీన్, కాడ్మియం అనే లోహపు పొగ మొదట మామూలుగానే అనిపించి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగలవు. వానాకాలంలో మలేరియా, డెంగీ పరీక్షలూ అవసరమే. వెళ్లేటప్పుడు ఆ బిళ్లల స్ట్రిప్పు, ప్రైమర్, హార్డెనర్ డబ్బాల లేబుళ్ల ఫొటోలు మరిచిపోకండి.